నూతన వ్యవస్థ - పాత అనువర్తనాలు

బ్యాంకు లావాదేవీలు, రైలు టికెట్లు, విద్యార్థుల పాఠాలు, కుటుంబ ఛాయాచిత్రాలు నేడు చేతిఫోనులోనే ఇమిడి ఉంటున్నాయి. ఈ పనులను నెరవేర్చే కార్యక్రమాలను అనువర్తనాలు లేదా యాప్‌లు అంటారు. వీటన్నింటికీ ఆధారమై, ఫోనులోని యంత్రభాగాలను నడిపించే ప్రధాన కార్యక్రమమే ఆపరేటింగ్ సిస్టమ్. దీనినే నిర్వహణ వ్యవస్థ అని కూడా వ్యవహరిస్తారు. ఆండ్రాయిడ్, ఐఓఎస్ అనేవి ప్రసిద్ధమైన నిర్వహణ వ్యవస్థలు.

ఈ వ్యవస్థలకు దాదాపు ఏటా ఒక కొత్త రూపం వెలువడుతుంది. దానిని స్వీకరించిన తరువాత కొన్ని యాప్‌లు తెరుచుకోకపోవడం, తెరుచుకున్నా మధ్యలో ఆగిపోవడం చాలామందికి అనుభవమే. నిన్నటిదాకా చక్కగా నడిచిన యాప్, తనలో ఏ మార్పూ జరగకుండానే నేడెందుకు పనిచేయదు? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే యాప్‌కూ వ్యవస్థకూ గల సంబంధాన్ని గ్రహించాలి.

యాప్ తెరపై అక్షరాన్ని తానుగా చిత్రించదు. కెమెరాను తానుగా నడపదు. ఆయా పనులు చేసిపెట్టమని వ్యవస్థను కోరుతుంది. ఆ కోరిక ఏ విధంగా ఉండాలో వ్యవస్థ ముందుగానే నియమాలను ఏర్పరుస్తుంది. యాప్ నిర్మాతలు ఆ నియమాలను నమ్ముకొని తమ పనిని సాగిస్తారు. నియమాలు మారితే పాత కోరికకు బదులు రాదు. యాప్‌కూ వ్యవస్థకూ మధ్య ఉండవలసిన ఈ పొందికనే అనుకూలత అంటారు. అది దెబ్బతినడానికి ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, పాత ఏర్పాటును పూర్తిగా తొలగించడం. ఒకప్పటి ఫోన్లు 32 బిట్ల పద్ధతిలో పనిచేసేవి. 32 బిట్ల సంఖ్యతో సుమారు 429 కోట్ల స్థానాలను, అంటే 4 గిగాబైట్ల స్మృతిని మాత్రమే గుర్తించడం సాధ్యం. 2013లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 5ఎస్ ద్వారా 64 బిట్ల పద్ధతిని ప్రవేశపెట్టింది. కొంతకాలం ఐఓఎస్ రెండు పద్ధతులనూ పోషించింది. అయితే రెండింటికీ వేర్వేరు సహాయక భాగాలను మోయడం వ్యవస్థకు భారం. 2017 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 10.3, పాత పద్ధతి యాప్‌లు ఇకపై నడవవని హెచ్చరించింది. ఆ ఏడాది సెప్టెంబరులో వెలువడిన ఐఓఎస్ 11లో అవి నిజంగానే ఆగిపోయాయి. నిర్మాతలు శ్రద్ధ వహించిన యాప్‌లు కొత్త పద్ధతిలోకి మారాయి. 'ఫ్లాపీ బర్డ్' అనే ప్రసిద్ధమైన ఆటను దాని సృష్టికర్త 2014లోనే ఉపసంహరించుకున్నందున దానిని సవరించేవారు లేకపోయారు. ఫోనులో భద్రంగా దాచుకున్నవారు సైతం కొత్త వ్యవస్థలో ఆ ఆటను ఆడలేకపోయారు.

తాటాకు గ్రంథాల చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆకు శిథిలమయ్యేలోగా లేఖకుడు మరొక ప్రతి రాస్తేనే గ్రంథం తరువాతి తరానికి అందుతుంది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ తెలుగు గ్రంథాలను సేకరించి ప్రతులు రాయించింది ఇందుకే. తిరగరాసే చేయి లేని యాప్‌కు సైతం అదే గతి పడుతుంది.

రెండవది, నియమాలను కఠినం చేయడం. పూర్వం ఆండ్రాయిడ్‌లో యాప్‌ను చేర్చుకొనేటప్పుడే అది అడిగిన అనుమతులన్నీ ఇవ్వవలసి వచ్చేది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుండి కెమెరా, పరిచయస్తుల జాబితా వంటి వాటికి యాప్ అవసరమైనప్పుడు అనుమతి కోరే పద్ధతి ఏర్పడింది. వినియోగదారుని గోప్యతకు ఇది మేలు చేసింది. అనుమతి తప్పక లభిస్తుందన్న నమ్మకంతో నిర్మించిన యాప్‌లను మాత్రం సవరించవలసి వచ్చింది.

మూడవది, వ్యవస్థలోనే దొర్లే దోషం. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ తెలుగు లిపికి సంబంధించినదే. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనబడని ఒక విభాజక సంకేతంతో కూడిన 'జ్ఞా' అనే అక్షరం సందేశంగా వస్తే, దానిని ప్రదర్శించబోయిన యాప్ ఐఫోనులో కుప్పకూలేది. దోషం తెలుగు అక్షరానిది కాదు, ఆ యాప్‌లదీ కాదు. అక్షరాలను కూర్చే బాధ్యత వ్యవస్థది. అక్కడి పొరపాటు దానిపై ఆధారపడిన యాప్‌లన్నింటినీ బాధించింది. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ద్వారా దీనిని సరిదిద్దారు.

ఇన్ని చిక్కులుండగా పాత వ్యవస్థతోనే కాలం గడపడం క్షేమం కదా అని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. 2015లో ఆండ్రాయిడ్‌లో 'స్టేజ్‌ఫ్రైట్' అనే లోపం బయటపడింది. దుష్టబుద్ధితో పంపిన ఒక్క బహుమాధ్యమ సందేశం ద్వారా ఫోనుపై ఆధిపత్యం సంపాదించడానికి అది అవకాశమిచ్చేది. అటువంటి రంధ్రాలను పూడ్చేవి కొత్త సవరణలే. పైగా యాప్‌లు సైతం పాత వ్యవస్థలను విడిచిపెడతాయి. 2021 నవంబరు నుండి వాట్సాప్ ఆండ్రాయిడ్ 4.0.4, అంతకు ముందరి రూపాలపై తన సేవలను నిలిపివేసింది. మారినా, మారకున్నా నష్టానికి అవకాశం ఉన్నప్పుడు వివేకంతో మారడమే మార్గం.

వ్యవస్థను మార్చేముందు ఛాయాచిత్రాలు, పత్రాలు, సందేశాలకు మరొకచోట నకలు ఉంచుకోవాలి. బ్యాంకు, ఆరోగ్యం, చదువు వంటి ముఖ్యమైన యాప్‌లు కొత్త రూపానికి అనుకూలమో కాదో వాటి నిర్మాతల ప్రకటనలలో పరిశీలించాలి. యాప్‌లకు వచ్చిన సవరణలను ముందుగా స్వీకరించాలి. ఫోనులో తగినంత ఖాళీ, బ్యాటరీలో తగినంత శక్తి ఉండాలి. పూర్తిగా కొత్త రూపమైతే కొద్దిరోజులు వేచి, ఇతరుల అనుభవాన్ని గమనించడం తప్పు కాదు. భద్రతా సవరణలను మాత్రం ఆలస్యం చేయరాదు. వెనుకకు మరలడం తేలిక కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఆపిల్ సంస్థ కొద్దికాలం తరువాత పాత రూపానికి ఆమోదం నిలిపివేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వెనుకకు వెళ్ళాలంటే సాధారణంగా ఫోనులోని సమాచారమంతా తుడిచివేయవలసి ఉంటుంది.

ఈ జాగ్రత్తలు పాటించినా కొన్ని పాత యాప్‌లు దక్కకపోవచ్చు. యాప్ పోయినా అందులో మనం దాచుకొన్న సమాచారం పోకూడదు. అందువల్ల విలువైన దేనినీ ఒకే యాప్‌కు అప్పగించి నిశ్చింతగా ఉండరాదు. సాంకేతిక పరిజ్ఞానాన్ని వినియోగించే ప్రతి ఒక్కరూ అలవరచుకోవలసిన ముందుచూపు ఇదే.