నాన్న పేరున ఉన్న ఇల్లు అమ్మేటప్పుడు

తండ్రి జ్ఞాపకార్థ కూడిక అయిన కొన్ని నెలలకే చాలా ఇళ్లలో ఈ మాట వస్తుంది: ఊళ్లో ఇల్లు ఖాళీగా ఉంది, అమ్మేద్దాం. పెద్దకొడుకు ఇంటిపన్ను తన పేరున మార్పించుకుంటాడు, బేరం కుదుర్చుకుని అడ్వాన్సు తీసుకుంటాడు. అత్తవారింట ఉన్న చెల్లెలికి ఆ సంగతి బంధువుల నోట తెలుస్తుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒకే ఆదివారం ప్రభువు బల్లకు రాలేకపోవడం మన సంఘాల్లో మేము చూశాం.

క్రైస్తవుడు వీలునామా రాయకుండా చనిపోతే వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. భార్య ఉంటే ఆమెకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. కొడుకా కూతురా, పెళ్లయిందా లేదా అన్న తేడా లేదు. ఇల్లు 30 లక్షలు చేస్తే, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్న ఇంట్లో తలా 10 లక్షలు. తండ్రికంటే ముందే పోయిన బిడ్డ ఉంటే ఆ వాటా అతని పిల్లలది.

“అమ్మాయికి పెళ్లిలోనే ఇచ్చేశాం కదా” అంటారు. తండ్రి బతికుండగా బిడ్డకు ఇచ్చినదాన్ని ఈ వాటాలోంచి తగ్గించకూడదని ఇదే చట్టం చెబుతోంది. పైగా కట్నం 1961 చట్టం ప్రకారం నేరం. దాన్నే లెక్క చూపి వాటా ఎగ్గొట్టడం మాకు వింతగా తోస్తుంది.

కొనేవారూ ఇక్కడే మోసపోతారు. ఈసీ తీశాం, అంతా బాగుందంటారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. యజమాని మరణంతో వారసులకు వచ్చిన హక్కు అందులో కనిపించదు. పన్ను రశీదు హక్కు పత్రం కాదు. మరణ ధ్రువపత్రం, తహశీల్దార్ కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. అది చూశాక కూడా ఇరుగుపొరుగును, ఆ కుటుంబం వెళ్లే సంఘంలో పెద్దలను ఒక మాట అడగండి. ఎంతమంది పిల్లలో వాళ్లకు తెలుసు. ఒక్క కొడుకే సంతకం చేస్తే మీకు వచ్చేది అతని వాటా మాత్రమే. కుటుంబం ఉంటున్న ఇంట్లో వాటా కొన్న బయటివాడికి వాళ్లతో కలిసి ఉండే హక్కు కూడా రాదు.

చెల్లెలు మనస్ఫూర్తిగా వదులుకుంటే మంచిదే. కానీ ఇంట్లో రాసుకున్న కాగితం చాలదు, హక్కు విడుదల పత్రం రిజిస్టర్ కావాలి. ఆమె విదేశంలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. మైనర్ల వాటా ఉంటే కోర్టు అనుమతి తీసుకున్నాకే ముందుకు వెళ్లండి. అడ్వాన్సు 20 వేలు, ఆపైన అయితే నగదుగా తీసుకోకూడదు. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు 1 శాతం టీడీఎస్ కట్టాలి.

ఇక ఇంకా బతికున్న తండ్రుల సంగతి. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు, అది తెల్లకాగితమైనా ఫరవాలేదు. అయితే సాక్షి సంతకం చేసినవారికి గానీ వారి భార్యకు, భర్తకు గానీ అందులో రాసిన ఆస్తి చెల్లదు. ఇల్లు ఎవరికి రాస్తున్నారో ఆ కొడుకు చేతనే సాక్షి సంతకం పెట్టించకండి, అల్లుడి చేతా వద్దు.