రాగిరేకు మీద ముఖం

మొన్న వేసవిలో అటక సర్దుతూ, వాడని ఇత్తడి సామానంతా ఇచ్చేసి స్టీలు గిన్నెలు తెచ్చుకుందామనుకున్నాం. బెజవాడ వన్‌టౌన్‌లో పాత్రల కొట్టతను మా పెద్ద బిందెను కాటా మీద పెట్టాడు. దాని మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. నాన్నగారు ఆ అక్షరాలను వేలితో తడుముతూ, "ఇది ఇవ్వొద్దురా, అమ్మ పేరు" అన్నారు. మా నాయనమ్మకు ఫోటో లేదు. ఆవిడ గుర్తుగా ఇంట్లో మిగిలింది ఆ పేరొక్కటే. బిందె మళ్ళీ ఇంటికొచ్చింది.

లోహం మీద పేరు నిలిచింది, సరే. ముఖం నిలుస్తుందా? నిలుస్తుంది. 18వ శతాబ్దపు జర్మనీలో అదొక గొప్ప విద్య. తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఈ సంగతి ఎలా తెలిసిందంటారా? బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకుని, స్వదేశం వెళ్ళాక 1746-47లో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆ కాలపు జర్మన్ అచ్చుపని గురించి చదువుతూ ఈ రాగిరేకుల బొమ్మల దగ్గర ఆగిపోయాను.

పద్ధతి ఇదీ. నున్నగా సానబెట్టిన రాగిరేకుకు మైనం, గుగ్గిలం వంటివి కలిపి పూత పూస్తారు. కొవ్వొత్తి పొగ పట్టించి దాన్ని నల్లబరుస్తారు. ఆ నలుపు మీద సూదితో గీస్తే, గీసిన మేరకు పూత లేచి రాగి తళుక్కుమంటుంది. వెనకవైపునా అంచులకూ వార్నీషు పూసి, రేకును ఆమ్లంలో ఉంచుతారు. పూత ఉన్నచోటును ఆమ్లం ముట్టదు. రాగి బయటపడ్డచోట తినేస్తుంది. బుగ్గ మీది లేతనీడకు ఇంత చాలు అనిపించగానే రేకు పైకి తీసి, ఆ గీతలను వార్నీషుతో మూసి, మళ్ళీ ఆమ్లంలో పెడతారు. ఎక్కువసేపు నానిన గీత లోతై, జుట్టుకూ కనుబొమలకూ కావలసిన నలుపునిస్తుంది. తరువాత పూత తీసేసి, గీతల్లోకి సిరా ఎక్కించి, పైపైన తుడిచి, తడికాగితం పరుస్తారు. చెరకు గానుగలో గడ నడిచినట్లు రేకూ కాగితమూ రెండు రోలర్ల మధ్య నడుస్తాయి.

మన పెడన అద్దకపు అచ్చులో ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుతుంది. ఇక్కడ సిరా ఉండేది పల్లంలో. కాని రెండింటికీ తిరకాసు ఒకటే: అచ్చు పడేసరికి కుడి ఎడమవుతుంది. బొమ్మ కింద పేరు రాయాలన్నా అద్దంలో రాతలాగా తిప్పి రాయాల్సిందే.

ఈ విద్యలో మేటి డానియేల్ ఖొడొవియెత్‌స్కీ (1726-1801). సుమారు 2,000 బొమ్మలు ఇలా చేశాడు. పుట్టింది డాన్‌జిగ్‌లో, అది ఇప్పుడు పోలండ్‌లోని గ్దాన్‌స్క్. 1743లో బతుకుతెరువు కోసం బెర్లిన్ చేరాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. తల్లి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఫోటోలు లేని కాలం. 1771లో ఆయన రాగిరేకు మీద తన ఇంటినే దింపాడు: బల్ల దగ్గర భార్యాబిడ్డలు, గోడల నిండా పటాలు, కిటికీ పక్కన పనిలో తాను. దానికి 'చిత్రకారుడి గది' అని పేరు పెట్టి, కింద తల్లికి అంకితం రాశాడు. 1773లో గుర్రమెక్కి ఊరికి వెళ్ళి, ముప్పై ఏళ్ళ తరువాత ఆ తల్లిని కళ్ళారా చూసుకున్నాడు.

ఇదంతా ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. నాన్నగారు ఏమీ అనలేదు. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి మా అమ్మాయి పెన్సిలు పట్టుకుని ఆయన ముందు కూర్చుని ఉంది.

"తాతయ్యా, ముక్కుపుడక ఎటువైపు?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. "నాకు అన్నం పెడుతూ ఎదురుగా కూర్చునేది. నా ఎడమచేతి వైపు మెరిసేది. అంటే అమ్మకు కుడివైపమ్మా, కుడివైపు."