ప్రేలిన చుక్కతో ఆకాశమును కొలుచుట

రాత్రివేళ పొలిమేర కావల నొక దీపము కానవచ్చినచో, అది దగ్గరనున్న చిన్న ప్రమిదయో, దూరముననున్న పెట్రోమాక్సు దీపమో కంటికి తెలియదు. ఆ దీపమెంతటిదో ముందుగా నెరిగినవారికి మాత్రము దాని మసకను బట్టి దూరము తెలియును. దూరము రెండింతలైన వెలుగు నాల్గవవంతగును, మూడింతలైన తొమ్మిదవవంతగును. ఆకాశమును కొలువబూనినవారి చిక్కంతయు నిదియే. ఏ చుక్కకు అసలు వెలుగెంతయో చెప్పునదెవ్వరు?

సూర్యునివంటి నక్షత్రము తన యింధనము తీరినపిదప కుంచించుకొని, ఇంచుమించు భూమియంత గోళమగును. దీనిని శ్వేతకుబ్జతార యందురు. 1930లో పందొమ్మిదేండ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ చదువునకై ఇంగ్లండునకు ఓడలో పోవుచు, ఇట్టి తార బరువునకొక హద్దు గలదని లెక్కగట్టెను. ఆ హద్దు సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లని తరువాత స్థిరపడినది. జంటచుక్కనుండి పదార్థమును లాగుకొనియో, మరియొక శ్వేతకుబ్జతారతో కలిసియో ఇది ప్రేలిపోవును. ఈ రెండు దారులలో నేది యెంత తరచో పండితులింకను వాదించుకొనుచునే యున్నారు. ప్రేలుడులో పుట్టిన నికెలు కోబాల్టుగాను, కోబాల్టు ఇనుముగాను మారుచు వెలుగునకు బలమిచ్చును. మన పెనములోని యినుములో మంచిభాగము ఇట్టి చుక్కలలో పుట్టినదే యని తెలిసినపిదప మాకు పెనముమీద గౌరవము హెచ్చినది! సుమారిరువది దినములలో ఆ వెలుగు కొన్ని వందలకోట్ల సూర్యుల వెలుగునకు సమానమై, పిదప మెల్లగా తగ్గును. 1572లో టైకో బ్రాహీ చూచిన క్రొత్తచుక్క ఇట్టిదే. అది కొన్నాళ్లు పట్టపగలును కానవచ్చెను.

ఈ ప్రేలుళ్లన్నియు నొక్కటే వెలుగు గలవని తొలుత తలచిరి. నిజమట్లు లేదు. ఎక్కువ వెలిగినవి నెమ్మదిగా నారును, తక్కువ వెలిగినవి త్వరగా నారునని 1993లో మార్క్ ఫిలిప్స్ చూపెను. సోల సొట్టపడినను, ఆ సొట్ట యెంతయో తెలిసినచో ఆ సోలతోనే బియ్యము సరిగా కొలువవచ్చును గదా. ఇదియు నట్టిదే.

అయినను, ఒకదానికంటె నొకటి యెంత దూరమో తెలియుటయే కాని, అసలు దూరము తెలియుటకు మరియొక కొలత కావలెను. దాని నిచ్చినది స్త్రీ. అమెరికాలో హార్వర్డు నక్షత్రశాలయందు గంటకు ముప్పది సెంట్ల కూలికి ఛాయాచిత్రపు పలకలు పరిశీలించిన హెన్రియెటా లీవిట్‌కు వినికిడి తక్కువ. సెఫీడులను చుక్కలు క్రమముగా వెలుగు హెచ్చుచు తగ్గుచుండును. ఎంత నిదానముగా హెచ్చుతగ్గులగునో అంత గొప్ప వెలుగు గలవని ఆమె 1912లో నిరూపించెను. ఆమె పరీక్షించిన చుక్కలన్నియు నొక్క మేఘమువంటి సముదాయములోనివి. దూరపుటూరి వీథిదీపములవలె అన్నియు మనకు ఇంచుమించొకే దూరమున నున్నవి. 1925లో స్వీడను గణితజ్ఞుడు మిట్టాగ్-లెఫ్లర్ ఆమెను నోబెల్ బహుమానమునకు ప్రతిపాదింపదలచి జాబు వ్రాసెను. ఆమె 1921లోనే గతించియుండెను.

సప్తర్షుల దిక్కున, సుమారు రెండుకోట్ల పదిలక్షల కాంతిసంవత్సరముల దూరముననున్న గెలాక్సీలో 2011 ఆగస్టున నొక తార ప్రేలెను. ఆ గెలాక్సీలోని సెఫీడులవలన దాని దూరము, ఆ దూరమువలన ప్రేలుడు అసలు వెలుగు తెలిసినవి. ఇట్టి దగ్గరివాటితో సరిచూచిన పిదపనే దూరపువాటిని నమ్ముట.

ఒక్క గెలాక్సీలో నిట్టి ప్రేలుడు కొన్ని వందలయేండ్ల కొకటియే. కావున సాల్ పెర్ల్‌మట్టర్ బృందమువారు అమావాస్య దాటగానే వేలకొలది గెలాక్సీలకు ఛాయాచిత్రములు తీసి, మరుసటి యమావాస్యకు ముందు మరల తీసి, రెండవదానినుండి మొదటిదానిని తీసివేసిరి. మిగిలినదే క్రొత్తచుక్క. బ్రయన్ ష్మిట్, ఆడమ్ రీస్‌ల బృందమును ఇదే వేటలో నుండెను. విశ్వవిస్తరణ నానాటికి మందగించునని యెల్లరు నెదురుచూచిరి. 1998లో తేలినది వేరు: దూరపు ప్రేలుళ్లు అనుకొన్నదానికంటె మసకగా నున్నవి, అనగా ఇంకను దూరముగా నున్నవి, విస్తరణ వేగము హెచ్చుచున్నది! నడుమనున్న ధూళి మసకపరచినదేమో యని సంశయింపవలసినదే. కాని ధూళి వెలుగును సాయంకాలపు సూర్యునివలె నెఱ్ఱబరచును. రంగులు పరీక్షింపగా నా కారణము చాలదని తేలినది. 2011లో ఈ మువ్వురికి నోబెల్ బహుమానము వచ్చెను.

వివాదము తీరలేదు. ప్రతి 32.6 లక్షల కాంతిసంవత్సరములకు విస్తరణవేగము సెకనుకు సుమారు 73 కిలోమీటర్లని ప్రేలుళ్లు చెప్పుచుండగా, విశ్వపు తొలినాటి వెలుగును బట్టి లెక్కించినవారు 67 అనుచున్నారు. సొట్ట యింకను సోలలోనే యున్నదో, విశ్వమును గూర్చిన మన లెక్కలోనే యున్నదో యని ఉభయపక్షములవారును మరల మరల కొలుచుచున్నారు.