నక్షత్రయాత్రా కథాచక్రము: ప్రేక్షకుల నూతనకల్పనలు

ఇతివృత్తము ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూఁడు విధములని లాక్షణికులు చెప్పిరి. ఇతిహాసాదులనుండి గ్రహింపఁబడినది ప్రఖ్యాతము. కవి స్వయముగా కల్పించినది ఉత్పాద్యము. రెండును కలసినది మిశ్రము. ఈ విభాగము పూర్వకావ్యములకే చెల్లునని మన మనుకొందుము. కాని ఒకరి ఉత్పాద్యవృత్తము ఇంచుమించు అఱువదియేండ్లలో జనులకు ప్రఖ్యాతవృత్తమై, దానిని చూచి పెరిగినవారే దానికి మిశ్రకల్పనలు చేయఁబూనిన యుదాహరణ మొకటి అమెరికాదేశమున కలదు. అదియే 'స్టార్ ట్రెక్' అను వ్యోమయానకథాచక్రము. దానికి క్రొత్తశాఖలు ఎట్లుండవలెనని అభిమానులు చేయు నూహలను, వానిలోని గుణదోషములను పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఇది వినోదమాత్రమైన విషయము కాదు. పరునికథను పెంచుటకు ఎవరికి అధికారము కలదు, ఆ పెంపునకు నియమము లెవ్వి అను ప్రశ్న లిందు ఇమిడియున్నవి.

వారమువారము టెలివిజనునందు ప్రదర్శింపఁబడు ఒక్కొక్క కథను ఉపాఖ్యానమనియు, అట్టి ఉపాఖ్యానముల సముదాయమును మాలయనియు ఇందు వ్యవహరించెదను. జీన్ రాడెన్‌బెరీ (1921–1991) కల్పించిన మొదటిమాల 1966వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీని ప్రారంభమై, 79 ఉపాఖ్యానములతో 1969లో ముగిసెను. 'ఎంటర్‌ప్రైజ్' అను నౌక నక్షత్రముల నడుమ సంచరించుచు నూతనలోకములను దర్శించుట దాని చట్రము. నౌకాధిపతి కిర్క్, అన్యలోకపు రక్తము గల స్పాక్, వైద్యుఁడగు మెకాయ్ అందు ప్రధానపాత్రలు.

తరువాతి మాలలు ఈ చట్రమున నొక్కొక్క యంగమును మార్చినవి. 1987–1994 నడుమ నడచిన 'నెక్స్ట్ జెనరేషన్' కాలమును ముందునకు జరిపినది. 'డీప్ స్పేస్ నైన్' (1993–1999) నౌకను విడిచి కదలని స్థావరమును గ్రహించినది. 'వాయేజర్' (1995–2001) నౌకను స్వదేశమునకు అతిదూరమున విడిచి తిరుగుప్రయాణమునే కథగా చేసినది. 'ఎంటర్‌ప్రైజ్' (2001–2005) కాలమును వెనుకకు మరల్చి కిర్క్‌నకు పూర్వశతాబ్దమును చెప్పినది. ఈ క్రమమును గమనించిన యభిమానికి సహజముగా తోఁచు ప్రశ్న యొకటే: ఇంక మార్పఁదగిన యంగ మేది?

అభిమానుల ప్రయత్నము మొదట కల్పన కాదు, రక్షణము. 1967–68 శీతకాలమున మొదటిమాల నిలిపివేయఁబడునని వదంతి పుట్టఁగా, బిజో ట్రింబల్, జాన్ ట్రింబల్ అను దంపతుల ప్రేరణచే ప్రేక్షకులు ప్రసారసంస్థకు వేలకొలఁది లేఖలు వ్రాసిరి. 1968 మార్చిలో ఆ సంస్థ మాల కొనసాఁగునని ప్రసారముననే ప్రకటించెను. అంతకు ముందే, 1967లో, 'స్పాకనేలియా' అను అభిమానపత్రిక వెలువడినది. ఇట్టి పత్రికలలో కథలు, వ్యాసములు, చిత్రములు ప్రకటింపఁబడుచుండెను. 1976లో కొన్ని అభిమానరచనలు 'న్యూ వాయేజెస్' అను పేర గ్రంథముగా ముద్రింపఁబడెను. మూలకర్తయే దానికి పీఠికను వ్రాసెను. కర్త బ్రదికియుండఁగానే, ఆతని యామోదముతో పరులు ఆతని పాత్రలకు క్రొత్తచరిత్రలు చెప్పుట అట్లు జరిగినది.

ఈ రచనలలోని ముఖ్యదోషమును బయటినుండి ఎవరును చూపవలసిన యవసరము లేకపోయెను. 1973లో పౌలా స్మిత్ అను అభిమానురాలు మేరీ సూ అను పాత్రను కల్పించి ఒక చిన్న పరిహాసకథను వ్రాసెను. ఆమె నౌకాదళమందలి అతిపిన్నవయస్సుగల యధికారిణి. వయస్సు పదునైదున్నర యేండ్లు. సకలవిద్యలయందు ప్రవీణురాలు. అందఱును ఆమెను మెచ్చుకొందురు. ఆమె మరణింపఁగా అందఱును విలపింతురు. రచయిత తన కోరికలనే పాత్రగా చేసి కథలో ప్రవేశపెట్టుటను ఆమె ఇట్లు అవహసించెను. అప్పటినుండి ఆ పేరు ఆంగ్లవిమర్శలో ఒక దోషమునకు సంజ్ఞయైనది. మన లాక్షణికులు ఔచిత్యభంగమని చెప్పుదానిలో ఇదియొక భేదము. ప్రఖ్యాతపాత్రలు తమ స్వభావమును విడిచి నూతనపాత్రకు పరిచారకులగుట ఇందలి లోపము.

1989లో మఱియొక ద్వారము తెఱవఁబడినది. 'నెక్స్ట్ జెనరేషన్' మూఁడవ సంవత్సరమున రచనాధ్యక్షుఁడైన మైకేల్ పిల్లర్, మధ్యవర్తులు లేకుండ ఎవరైనను నాటకప్రతులను పంపవచ్చునని యంగీకరించెను. ఆ కాలముననే రానల్డ్ డి. మూర్ అను యువకుఁడు వ్రాసిన ప్రతి 'ది బాండింగ్' అను ఉపాఖ్యానమై, ఆతఁడు అనంతరము ఆస్థానరచయిత యయ్యెను. ట్రెంట్ క్రిస్టఫర్ గనీనో పంపిన ప్రతి 1990లో ప్రసిద్ధమైన 'యెస్టర్‌డేస్ ఎంటర్‌ప్రైజ్' అను ఉపాఖ్యానమునకు బీజమైనది. బ్రయన్ ఫుల్లర్ అను అభిమాని 'డీప్ స్పేస్ నైన్'నకు కథల నమ్మి, 'వాయేజర్'నకు రచయితయై, తుదకు 2017లో ప్రారంభమైన 'డిస్కవరీ' మాలకు సహకర్త యయ్యెను. ప్రేక్షకుఁడు రచయితయగుటకు ఇట్టి రాజమార్గము ఇతరకథాచక్రములయందు అరుదు.

ఒక్క కథకు తగిన యూహ వేఱు, మాలకు తగిన యూహ వేఱు. అభిమానులు తఱచుగా ఈ భేదమును మఱతురు. కథకు ఆది, మధ్యము, అంతము చాలును. మాలకు ప్రతివారమును నూతనకథను పుట్టించునట్టి స్థితి యొకటి కావలెను. మొదటిమాలలో నౌక యొక్క సంచారమే అట్టి స్థితి. ఈ దృష్టితో కొన్ని ప్రసిద్ధమైన యూహలను పరిశీలింతము.

మొదటిది రోమ్యులను యుద్ధమాల. 1966 నాఁటి 'బ్యాలెన్స్ ఆఫ్ టెరర్' అను ఉపాఖ్యానమున, ఒక శతాబ్దమునకు పూర్వము మానవులకును రోమ్యులనులకును యుద్ధము జరిగినట్లును, అది అణ్వాయుధములతో నడచినట్లును, ఉభయపక్షములవారును ఒకరి ముఖమొకరు చూడకయే సంధి చేసికొన్నట్లును చెప్పఁబడినది. ఆ యుద్ధమునే చూపవలెనని యనేకులు కోరుదురు. వృత్తాంతము ప్రఖ్యాతము, వీరరసమునకు తావు కలదు. కాని చిక్కు కూడ అక్కడనే యున్నది. శత్రువు ముఖము మొదటిసారి కనఁబడి, అది స్పాక్ ముఖమును పోలియుండుట ఆ ఉపాఖ్యానమునకు ప్రాణము. నూతనమాలలో మానవులు శత్రువును చూచినచో ఆ ప్రాణము పోవును. చూడనిచో ప్రతినాయకుఁడు లేని నాటకమగును. 2005లో 'ఎంటర్‌ప్రైజ్' మాల ఈ చిక్కును కొంతవఱకు తీర్చినది. అది రోమ్యులనులను ప్రేక్షకులకు మాత్రము చూపి, కథలోని మానవులకు చూపలేదు. ఇట్టి యుపాయమును పెంపొందించి, కనఁబడని శత్రువునెడ కలుగు భయమునే ప్రధానభావముగా చేయఁగలిగిన రచయితకు ఈ యూహ ఫలించును. పోరాటములను మాత్రమే కోరువానికి ఫలింపదు.

రెండవది సూలూ మాల. మొదటిమాలలో కిర్క్‌నకు నౌకాచోదకుఁడైన సూలూ, 1991 నాఁటి ఆఱవ చలనచిత్రమున 'ఎక్సెల్సియర్' అను నౌకకు అధిపతియై కనఁబడెను. 1996లో 'వాయేజర్' మాలలోని 'ఫ్లాష్‌బ్యాక్' అను ఉపాఖ్యానమున ఆ నౌక మరల చూపఁబడినది. ఆతని సాహసములను ప్రత్యేకమాలగా చూడవలెనని యభిమానులు కోరిరి. పాత్ర ప్రియమైనది, నౌక సిద్ధముగా నున్నది. కాని అధిపతిని మాత్రము మార్చి తక్కినదంతయు కిర్క్ కథవలెనే నడపినచో అది పునరుక్తి. ఈ మాలకు స్వకీయమైన ప్రశ్న ఆ చలనచిత్రములోనే దొరకును. చిరవిరోధులైన క్లింగానులతో సంధి అప్పుడే కుదిరినది. జీవితమంతయు పోరాడినవారు శత్రువుతో శాంతిగా నెట్లు బ్రదుకుదురు? ఈ ప్రశ్నను గ్రహించిన యూహ పూర్వకథకు అనుబంధమై యుండియు స్వతంత్రమగును.

మూఁడవది సామాన్యసేవకుల మాల. 1994లో 'లోవర్ డెక్స్' అను ఉపాఖ్యానము నౌకాధిపతులను ప్రక్కకు నెట్టి, క్రిందితరగతి యువోద్యోగుల కన్నులతో కథను చెప్పెను. 2011లో మైక్ మెక్‌మాన్ అనునాతఁడు 'నెక్స్ట్ జెనరేషన్'నకు లేని యెనిమిదవ సంవత్సరమును ఊహించి, దాని కథాసారములను ట్విట్టరునందు హాస్యముగా ప్రకటింపసాఁగెను. ఆ హాస్యము 2015లో పుస్తకమైనది. ఆతఁడే 2020లో 'లోవర్ డెక్స్' అను పేరనే చిత్రలేఖనమాలను సృష్టింపఁగా, అది 2024 వఱకు 50 ఉపాఖ్యానములతో నడచినది. ఈ యూహ యేల ఫలించెను? అది పూర్వకథలో దేనిని ఖండింపలేదు. దేశకాలములను మార్చలేదు. చూచువాని స్థానమును మాత్రము మార్చెను. రాజుల కథను రాజసేవకుఁడు చెప్పినచో అదే వృత్తాంతమున వీరమున్నచోట హాస్యము పుట్టును. రసము మాఱినప్పుడు పాతచట్రమే క్రొత్తదగును.

నాలుగవది పైక్ మాల. 1964–65లో తయారైన ప్రథమప్రయత్నమున నౌకాధిపతి పైక్, కిర్క్ కాఁడు. ప్రసారసంస్థ దానిని త్రోసిపుచ్చెను. 2019లో 'డిస్కవరీ' రెండవభాగమున పైక్ మరల ప్రవేశింపఁగా, ఆతనికి వేఱుమాల కావలెనని ప్రేక్షకులు గట్టిగా కోరిరి. 2022లో 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' మాల వెలువడినది. తనకు రాఁబోవు ఘోరమైన యాపదను ముందే యెఱిఁగినవాఁడు పైక్. ఆ యెఱుకయే ఈ మాలకు కరుణమును చేకూర్చినది. ప్రఖ్యాతమైన యంతమును మార్పక, దానినే బలముగా చేసికొనుట ఇందలి నేర్పు.

కోరికలన్నియు ఇట్లు నెఱవేరునని తలఁపరాదు. 2005లో 'ఎంటర్‌ప్రైజ్' మాల నిలిపివేయఁబడినప్పుడు అభిమానులు చేసిన ప్రయత్నము విఫలమయ్యెను. మఱియొక యడ్డంకి చట్టము. కొందఱు తమ కల్పనలను తామే చిత్రములుగా తీయ మొదలిడిరి. అందులో 'ఆక్సనార్' అను యుద్ధకథకు దాతలనుండి పదిలక్షల డాలర్లకు మించిన ధనము చేరినది. 2015 డిసెంబరున హక్కుదారులైన సి.బి.ఎస్., పారమౌంట్ సంస్థలు వ్యాజ్యము వేయఁగా, 2017 జనవరిలో రాజీ కుదిరెను. ఇంతలో 2016లో ఆ సంస్థలు అభిమానచిత్రములకు నియమములను ప్రకటించినవి. వాని ప్రకారము ఒక కథ 15 నిమిషములకును, రెండుభాగములైనచో మొత్తము 30 నిమిషములకును మించరాదు. ప్రోగుచేయు ధనము 50,000 డాలర్లకు మించరాదు. దానికి కొనసాఁగింపులు ఉండరాదు. ఈ తుదినియమమే మన ప్రశ్నకు ముఖ్యము. అభిమాని ఒక కథను చిత్రింపవచ్చును గాని మాలను చిత్రింపరాదు. మాలయొక్క యూహ ఆతని కాగితముమీఁదనే నిలిచిపోవలెను.

ఇందు న్యాయమెటువైపున నున్నది? ధనము వెచ్చించి కథను నిలిపినవారి హక్కును కాదనలేము. కాని 1968లో లేఖలు వ్రాసి కథను బ్రదికించినవారికిని, పత్రికలలో దానిని చర్చించి సజీవముగా నుంచినవారికిని ఏ సంబంధమును లేదనుటయు సత్యము కాదు. చట్టము చెప్పు స్వామ్యమొకటి. స్మృతివలన కలుగు స్వామ్యము మఱియొకటి. రెండవది న్యాయస్థానమున చెల్లకపోవచ్చును, కాని సాహిత్యము దానివలననే పెరిగినది.

ఈ సందర్భమున మనకొక పూర్వోదాహరణము స్ఫురించును. నన్నయ భారతమును అరణ్యపర్వమధ్యమున విడిచెను. తిక్కన ఆ శేషమును ముట్టక విరాటపర్వమునుండి యారంభించెను. పిదప ఎఱ్ఱన ఆ శేషమును పూరించి, తన ప్రభువునకు గాక నన్నయ ప్రభువగు రాజరాజనరేంద్రునకే యంకితముగా రచించెను. వ్యాసుని కథ కావున అది పూర్తిగా పోలినది కాదనవచ్చును. కాని పరుని గ్రంథమున ప్రవేశించువాఁడు పాటింపవలసిన ధర్మము అందు స్పష్టముగా కలదు. మొదట ముందటివాని మాటను శ్రద్ధగా విని దాని తీరును తెలిసికొనవలెను. తనను ముందుకు తెచ్చుకొనరాదు. ఆ పిమ్మట తాను చెప్పఁదగిన క్రొత్తది కలదో లేదో విచారింపవలెను. మేరీ సూ యందు లేనిది ఈ ధర్మమే. ఫలించిన మాలలయందు కనఁబడునదియు ఇదియే.

కావున నూతనమాలను ఊహించువాఁడు తన్నుఁ దాను మూఁడు ప్రశ్న లడుగుకొనవలెను. పూర్వకథలోని యే ప్రాణస్థానమునకైనను నా కల్పన హాని చేయుచున్నదా? ప్రతివారమును కథను పుట్టింపఁజాలు స్థితి నాయొద్ద కలదా? పూర్వమాలలలో లేని రసమును గాని ప్రశ్నను గాని నేను తెచ్చుచున్నానా? ఈ మూఁటికిని సమాధానము చెప్పఁగలిగిన యూహ, హక్కుదారులు గ్రహించినను గ్రహింపకున్నను, సత్కల్పనయే. పాఠశాలలలో విద్యార్థులచే ప్రసిద్ధకథలను పొడిగింపఁజేయు పండితులు ఈ ప్రశ్నలను వారి ముందుంచినచో, మిశ్రేతివృత్తమను మాట వారికి లక్షణగ్రంథములలోనిదిగా గాక తమ చేతిపనిగా బోధపడునని నా నమ్మకము. విజ్ఞులు విచారింతురు గాక.