మంటే కదా అనుకుంటే మూత్రపిండాలకు ముప్పు

* 'వేడి' అనుకుంటూ చికిత్సలో జాప్యం
* గర్భిణులు, పసిపిల్లలు, మధుమేహ రోగులకు అధిక ప్రమాదం

ఖమ్మం: మూత్ర విసర్జనలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, పొత్తికడుపులో నొప్పి... పల్లెల్లో ఈ బాధ ఎవరికి కలిగినా మొదట వినిపించే మాట 'వేడి చేసింది'. సబ్జా నీళ్లు, బార్లీ జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లతో వారం పది రోజులు గడిపేస్తారు. ఎండకు ఒంట్లో నీరు తగ్గి మంట పుడితే ఈ పానీయాలు మేలు చేస్తాయి. మంటకు సూక్ష్మక్రిములు కారణమైతే మాత్రం వాటిని నమ్ముకుని కూర్చోవడం ప్రమాదకరం. మూత్రాశయంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ మూత్రపిండాలకు చేరి ప్రాణాల మీదికి తెచ్చే అవకాశముంది.

మహిళల్లోనే ఎందుకు ఎక్కువ?

మూత్ర ఇన్‌ఫెక్షన్లలో అత్యధిక భాగానికి కారణం ఈ-కొలి అనే బ్యాక్టీరియా. ఇది మనిషి పేగుల్లో సహజంగానే ఉంటుంది. మలద్వారం నుంచి మూత్రద్వారానికి చేరితే వ్యాధి కలిగిస్తుంది. పురుషుల్లో మూత్రమార్గం పొడవు సుమారు 20 సెంటీమీటర్లు కాగా స్త్రీలలో 4 సెంటీమీటర్లే. అందువల్ల క్రిములు త్వరగా మూత్రాశయాన్ని చేరుతాయి. మహిళల్లో దాదాపు సగం మంది జీవితకాలంలో ఒక్కసారైనా దీని బారిన పడతారు. నెలసరి ఆగిన తర్వాత ముప్పు మరింత పెరుగుతుంది.

మిరప కోతలు, పత్తి తీతలకు వెళ్లే కూలీల పరిస్థితి మరీ ఇబ్బందికరం. చేలల్లో మరుగు ఉండదు. మూత్రానికి వెళ్లాల్సి వస్తుందన్న జంకుతో నీళ్లు తాగడమే తగ్గిస్తారు, వచ్చినా ఆపుకొంటారు. మూత్రం నిల్వ ఉన్నకొద్దీ లోపల చేరిన క్రిములు వృద్ధి చెందుతాయి.

పైకి పాకితే...

ప్రతి ఇన్‌ఫెక్షనూ మూత్రపిండాలకు చేరదు. కొన్ని వాటంతటవే తగ్గుతాయి. అయితే ఎవరిలో తగ్గుతుందో, ఎవరిలో ముదురుతుందో ముందుగా చెప్పడం కష్టం. క్రిములు మూత్రనాళాల గుండా పైకి పాకితే చలి వణుకుతో జ్వరం, పక్కటెముకల కింద వెనుకవైపు నొప్పి, వాంతులు కనిపిస్తాయి. చాలామంది దీనిని మామూలు నడుంనొప్పిగా భావించి నొప్పి మాత్రలు మింగుతారు. జ్వరం, వాంతులతో శరీరంలో నీరు తగ్గిన స్థితిలో ఆ మాత్రలు మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తాయి.

మూత్రపిండంలో చీము గడ్డలు ఏర్పడవచ్చు. క్రిములు రక్తంలో కలిస్తే సెప్సిస్ అనే విషమ స్థితి ఏర్పడుతుంది. రక్తపోటు పడిపోయి అవయవాలు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తాయి. అప్పుడు రోజుల వ్యవధి ఉండదు, గంటలే కీలకం.

వీరు ఉపేక్షించరాదు

* గర్భిణులు: కొందరిలో మంట లేకున్నా మూత్రంలో క్రిములుంటాయి. చికిత్స చేయకపోతే వీరిలో దాదాపు నాలుగో వంతు మందికి ఇన్‌ఫెక్షన్ మూత్రపిండాలకు సోకవచ్చు. నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం వంటి ముప్పులున్నాయి.
* పసిపిల్లలు: కారణం తెలియని జ్వరం, పాలు తాగకపోవడం మాత్రమే కనిపించవచ్చు. పదేపదే సోకితే మూత్రపిండాలపై మచ్చలు మిగిలి, పెద్దయ్యాక రక్తపోటుకు దారితీస్తాయి.
* మధుమేహ రోగులు: మూత్రపిండంలో వాయువు చేరే అరుదైన, ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా వీరిలోనే కనిపిస్తుంది.
* పురుషులు: వీరిలో తరచూ ప్రోస్టేట్ గ్రంథి వాపు, రాళ్లు వంటి అడ్డంకులు కారణమవుతాయి. మూల కారణాన్ని సరిచేయకుంటే వ్యాధి తిరగబెడుతుంది.

సగం మాత్రలు వద్దు

మంటను తగ్గించే సిరప్‌లు ఉపశమనం ఇస్తాయే తప్ప క్రిములను చంపవు. మందుల దుకాణంలో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్ మింగి, మంట తగ్గగానే ఆపేయడం మరో పొరపాటు. ఇలాంటి విచ్చలవిడి వాడకం వల్ల ఈ-కొలి క్రిములు అనేక మందులకు లొంగకుండా పోతున్నాయి. ఒకప్పుడు మాత్రతో నయమైన వ్యాధికి నేడు ఆసుపత్రిలో చేరి సూదిమందు తీసుకోవాల్సి వస్తోంది. వైద్యుని చీటీ లేనిదే ఎర్ర గీత ఉన్న మందులు వాడరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం చేపట్టింది కూడా ఇందుకే.

ఏం చేయాలి?

మంట ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో మూత్ర పరీక్ష చేయించుకోవాలి. మొదటి ధారను వదిలి, మధ్య ధారను శుభ్రమైన సీసాలో పట్టాలి. వ్యాధి తిరగబెడితే కల్చర్ పరీక్ష అవసరం. ఫలితానికి రెండు మూడు రోజులు పట్టినా, ఏ మందుకు క్రిమి లొంగుతుందో దానివల్లనే తెలుస్తుంది. గర్భిణులు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే ఉచిత పరీక్షలను వినియోగించుకోవచ్చు.

నీరు తక్కువగా తాగుతూ తరచూ ఈ వ్యాధికి గురయ్యే మహిళలు రోజుకు అదనంగా ఒకటిన్నర లీటర్లు తాగితే ఇన్‌ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయని 2018లో వెలువడిన అధ్యయనం తేల్చింది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం వైద్యుని సలహా మేరకే నీరు పెంచాలి. మూత్రాన్ని ఆపుకోకపోవడం, మల విసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకోవడం అలవరచుకోవాలి.

మంటతోపాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా వేచి చూడరాదు. 108కు ఫోన్ చేసి అంబులెన్సులో వెంటనే ఆసుపత్రికి చేరాలి.