షుగరు బిళ్ళ పక్కన చేరిన విటమిన్ సీసా

హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజా వైపు వెళ్ళినా, యాకుత్‌పురా వైపు వెళ్ళినా, నలభై దాటినవారున్న ఇంట్లో మందుల డబ్బా ఒకటి కనబడుతుంది. ఉదయం వేసుకొనే షుగరు బిళ్ళ, రాత్రి వేసుకొనే బి.పి. బిళ్ళ అందులో ఉంటాయి. ఈమధ్య ఆ డబ్బా పక్కన ఒక కొత్త సీసా కూడా చేరుతోంది. క్రోమియం, జింకు, మెగ్నీషియం, విటమిన్ డి కలిపి ఇన్సులిన్‌కు బలమిస్తాయని దాని మీద రాసి ఉంటుంది. కొన్నిచోట్ల డాక్టరు రాసిన చీటీ లేకుండానే ఆ సీసా ఇంట్లోకి వస్తోంది. పక్కింటివారు చెప్పారని కొందరు, ఫోనులో వీడియో చూసి కొందరు, గల్ఫ్ నుండి వచ్చిన తమ్ముడు తెచ్చాడని మరికొందరు వాడుతున్నారు.

సీసా కొన్నందుకు ఎవరినీ తప్పుపట్టలేము. జబ్బు జీవితాంతం ఉంటుందని విన్న మనిషి ఆశ కలిగించే ప్రతి మాటనూ వింటాడు. మా భయమంతా ఆ సీసా వచ్చాక పాత డబ్బా మూలకు పోవడం గురించే. గౌలిపురాలో మాకు తెలిసిన ఒక అత్తమ్మ విటమిన్ బిళ్ళలు మొదలుపెట్టి, “రెండూ ఎందుకులే, వేడి చేస్తాయి” అని షుగరు బిళ్ళ మానేసింది. నెలన్నర తరువాత కాలి బొటనవేలి పుండు మానక ఆసుపత్రికి వెళితే, షుగరు మూడు వందలు దాటి ఉంది. వేలు దక్కింది గాని, ఆమె ఇరవై రోజులు మంచం దిగలేదు.

మన దేశంలో ఈ జబ్బు ఎంతగా పెరిగిందో 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే చెప్పింది. సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందనీ, మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారనీ ఆ సర్వే అంచనా వేసింది. ఇంతమంది కొనేవారున్నచోట అమ్మేవారు రాకుండా ఉంటారా?

అసలు ఇన్సులిన్‌కూ ఈ ఖనిజాలకూ సంబంధమే లేదా అంటే, ఉంది. మనము తిన్న అన్నం, రొట్టె రక్తంలోకి చక్కెరగా చేరుతాయి. ఆ చక్కెర కండరాలలోకి ప్రవేశించడానికి ఇన్సులిన్ కావాలి. కడుపు వెనుక ఉండే క్లోమగ్రంథి దానిని తయారుచేసి నిలువ చేసుకుంటుంది. ఆ నిలువలో ఆరేసి ఇన్సులిన్ అణువులు జింకు చుట్టూ గుత్తిగా కూడి ఉంటాయి. డొరొతీ హాడ్జ్‌కిన్ అనే శాస్త్రవేత్త 1969లో ఇన్సులిన్ ఆకారాన్ని కనుగొన్నప్పుడు ఈ అమరిక స్పష్టంగా కనబడింది. మెగ్నీషియం కూడా కణాలలో ఇన్సులిన్ పని సాగడానికి అవసరమే. షుగరు అదుపులో లేనివారికి మూత్రంతోపాటు మెగ్నీషియం ఎక్కువగా పోతుంది. సీసా అమ్మేవారు చెప్పే మాటల్లో ఇంతవరకూ అబద్ధం లేదు.

అయితే శరీరానికి ఒక పదార్థం అవసరమని చెప్పడం వేరు, దానిని ఇంకా ఎక్కువ తింటే జబ్బు తగ్గుతుందని చెప్పడం వేరు. దీపానికి నూనె కావాలి నిజమే. నిండుగా ఉన్న ప్రమిదలో ఇంకా నూనె పోస్తే వెలుగు పెరగదు, నేల జిడ్డవుతుంది.

క్రోమియం కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఈస్టులోని క్రోమియం ఎలుకలలో చక్కెర వినియోగానికి తోడ్పడుతుందని 1959లో ష్వార్జ్, మెర్ట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రకటించారు. 1977లో కెనడాలోని టొరంటో వైద్యులు ఒక రోగి గురించి రాశారు. ఆమెకు ఏళ్ళ తరబడి నరం ద్వారానే ఆహారం ఎక్కిస్తున్నారు. ఆ ఆహారంలో క్రోమియం చాలనందున షుగరు పెరిగింది, బరువు తగ్గింది, నరాలు దెబ్బతిన్నాయి. క్రోమియం ఇచ్చిన తరువాత ఆమె కోలుకుంది. 1921లో ఇన్సులిన్‌ను కనుగొన్నది కూడా ఆ టొరంటోలోనే. ఈ ఒక్క రోగి కథే ఎన్నో సీసాల అమ్మకానికి పునాది అయింది. కాని నోటితో భోజనం చేసేవారికి అటువంటి లోటు రావడం బహు అరుదు. 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ నిపుణులు ఇంకో అడుగు ముందుకు వేసి, క్రోమియం మనిషికి తప్పనిసరి అనడానికే తగిన ఆధారాలు లేవని తేల్చారు.

విటమిన్ డి సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఇరుకు గల్లీలలో, ఎండ సోకని ఇళ్ళలో గడిపే స్త్రీలకు ఈ విటమిన్ తక్కువగా ఉండడం వింత కాదు. ఉంటే ఎముకల కోసం తీసుకోవలసిందే. షుగరు కోసం మాత్రం ఫలితం అంతంతమాత్రమే. అమెరికాలో షుగరు అంచున ఉన్న 2,423 మందిలో సగం మందికి రోజుకు 4,000 యూనిట్ల విటమిన్ డి, సగం మందికి ఉత్త బిళ్ళ ఇచ్చి సుమారు రెండున్నర సంవత్సరాలు గమనించారు. 2019లో వెలువడిన ఫలితాలలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. ఇటువంటి మూడు పరిశోధనలను 2023లో కలిపి లెక్కవేసినప్పుడు, అంచున ఉన్నవారికి కొద్దిపాటి మేలు కనిపించింది. ఇప్పటికే జబ్బు ఉన్నవారి మందు మాన్పించగల మేలు కాదది. మన దగ్గర 60,000 యూనిట్ల పొడి పొట్లాలు దొరుకుతాయి. సాధారణంగా వాటిని వారానికి ఒకటి చొప్పున, అదీ కొన్ని వారాలే రాస్తారు. తెలియక రోజూ వేసుకొంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

సెలీనియం సంగతి మరీ విచిత్రం. అనేక ఖనిజాల బిళ్ళలలో అది కూడా ఉంటుంది. అమెరికాలో రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఏళ్ళ తరబడి తీసుకొన్నవారిలో, ఉత్త బిళ్ళ తీసుకొన్నవారి కంటే ఎక్కువమందికి మధుమేహం వచ్చిందని 2007లో ప్రచురించారు. షుగరు తగ్గుతుందని కొన్న సీసాలోనే ఈ ఖనిజం ఉండవచ్చు! జింకు ఎక్కువైతే శరీరంలో రాగి తగ్గిపోతుంది. మూత్రపిండాలు బలహీనపడినవారిలో మెగ్నీషియం బయటికి పోలేక పేరుకుంటుంది. షుగరు పాతబడినవారిలో మూత్రపిండాల బలహీనత ఎంత సాధారణమో మీకు తెలియనిది కాదు.

ఇన్ని చెప్పిన తరువాత, షుగరు ఉన్నవారికి విటమిన్ల అవసరమే లేదని మేము అంటున్నామని అనుకోవద్దు. ఒక విటమిన్ గురించి మాత్రం పాఠకులు తప్పక తెలుసుకోవాలి. అది బి12. దాని పేరు ఆ సీసాల మీద పెద్ద అక్షరాలలో ఉండదు.

షుగరు రోగులకు వైద్యులు సాధారణంగా మొదట రాసే మందు మెట్‌ఫార్మిన్. చవకైనది, నమ్మకమైనది. కాలేయం నుండి రక్తంలోకి వచ్చే చక్కెరను అది తగ్గిస్తుంది. అయితే ఏళ్ళ తరబడి వాడేవారిలో కొందరికి చిన్న ప్రేగు చివరన బి12 ఒంటపట్టడం తగ్గుతుంది. ఈ సంగతి వైద్యులకు 1970ల నుండి తెలుసు. బి12 కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిలువ ఉంటుంది గనుక లోటు వెంటనే బయటపడదు. నాలుగైదేళ్ళు గడిచాక అరికాళ్ళు మండుతాయి, తిమ్మిరెక్కుతాయి, చెప్పు జారిపోయినా తెలియదు, మతిమరుపు మొదలవుతుంది. “షుగరు వల్ల నరాలు పోయాయి, ఇంతే” అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. నిజమే, షుగరు వల్ల కూడా అలాగే అవుతుంది. కాని బి12 లోటు వల్ల అయితే సూదిమందుతోనో బిళ్ళతోనో బాగుచేయవచ్చు, ఆలస్యం చేయకపోతే. కారణం ఏదో రక్త పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. మెట్‌ఫార్మిన్ వాడేవారికి అప్పుడప్పుడు బి12 పరీక్ష చేయించాలని అమెరికా మధుమేహ సంఘం సిఫారసు చేస్తోంది. అదే సంఘం, షుగరును తగ్గించడానికని క్రోమియం, విటమిన్ డి, దాల్చినచెక్క వంటివాటిని అందరూ వాడనవసరం లేదని కూడా చెబుతోంది.

బి12 మొక్కలలో దొరకదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములోనే ఉంటుంది. షుగరు వచ్చిందనగానే మనవాళ్ళు మొదట మానేసేవి గ్రుడ్డు, మాంసం, పాలు. అన్నం మాత్రం తగ్గించరు! శాకాహారులకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక్కడ మన తెలుగువాడొకరిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఉండి, ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన బృందానికి 1940లలో నాయకత్వం వహించారు. ఎన్నో ప్రాణాలు నిలిపిన మందు అది. అయితే బి12 తక్కువగా ఉన్నవారు ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే ఎక్కువగా వాడితే రక్తహీనత సర్దుకొన్నట్లు కనబడుతుంది గాని, లోపల నరాల నష్టం సాగుతూనే ఉంటుంది. “రక్తం పడుతుందట” అని ఎవరో ఇచ్చిన బిళ్ళ వేసుకొనేవారు దీనిని గమనించాలి. ఇంకో సంగతి. ఇనుము లోటు ఉన్నవారికి మూడు నెలల షుగరు పరీక్షలో అంకె ఉన్నదానికంటే ఎక్కువగా రావచ్చు. రక్తహీనత గల స్త్రీలు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

మరి మెగ్నీషియం ఎక్కడ దొరుకుతుంది? సీసా కొననక్కరలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం, నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో మెగ్నీషియం సుమారు 19 మిల్లీగ్రాములు, జొన్నలలో 133, రాగులలో 146. ఎప్పుడూ అన్నమే తినే ఇంట్లో ఒక పూట జొన్నరొట్టె చేసుకొంటే, సీసా చెప్పే పని కొంత అక్కడే జరుగుతుంది. సాయంత్రమైతే మన నగరంలో రోడ్డు పక్కన వేడివేడి జొన్నరొట్టెలు చేసి అమ్మేవారు కొల్లలు. మీర్ ఆలం మండీలో ఆకుకూరలు, పప్పులు ఉండనే ఉన్నాయి. రొట్టె కూడా లెక్కపెట్టి తినాలి సుమా. జొన్నలో పిండిపదార్థం లేకపోలేదు.

మెంతుల సంగతీ చాలామంది అడుగుతారు. దానిపై పేరుపొందిన పరిశోధన ఒకటి ఈ హైదరాబాదులోనే జరిగింది. పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన ఆ పరిశోధనలో, ఇన్సులిన్ తీసుకొనే కొద్దిమంది రోగులకు రోజుకు నూరు గ్రాముల మెంతిపొడి రెండు పూటలుగా పది రోజులు ఇచ్చారు. షుగరు తగ్గింది. రాత్రి నానబెట్టి ఉదయం మ్రింగే చెంచాడు మెంతులు నూరు గ్రాములు కావని గుర్తుంచుకోవాలి. పైగా వారిలో ఎవరూ ఇన్సులిన్ మానలేదు. మెంతులు కూరలో వేసుకోండి, సంతోషమే.

చట్టం కూడా మన పక్షాననే ఉంది. ఈ సీసాలు మన దేశంలో మందులుగా కాక ఆహారంగా లెక్క. వైద్యానికి వాడేది కాదని ఇంగ్లీషులో లేబులు మీద ముద్రించడం తప్పనిసరి. కళ్ళజోడు పెట్టుకొని వెదకండి, చిన్న అక్షరాలలో ఉంటుంది. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటన చేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

ఈసారి ఉస్మానియా ఆసుపత్రికి వెళ్ళినా, వీధి చివరి డాక్టరు దగ్గరకు వెళ్ళినా, ఇంట్లో ఉన్న సీసాలు, పొట్లాలు, హకీము గారి చూర్ణం, జుట్టు కోసం కూతురు తెప్పించిన బిళ్ళలు, అన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్ళండి. జుట్టు బిళ్ళలలో ఉండే బయోటిన్ వల్ల థైరాయిడ్ పరీక్ష కూడా తప్పుగా రావచ్చు. డాక్టరు కోప్పడతారని సీసాలు దాచవద్దు. ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి, “నాకు ఏ లోటు ఉందని ఇది వేసుకోవాలి?” అని అడగండి. మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ళుగా వాడుతున్నారో, అరికాళ్ళు ఎప్పటినుండి మండుతున్నాయో చెప్పండి. బి12 పరీక్ష మాట ఆయన ఎత్తకపోతే మీరే ఎత్తండి.