సెలవుల్లో వైద్యం వికటిస్తే...

అమెరికాలో స్థిరపడిన అనూరాధా సాహా 1998లో సెలవులకు కలకత్తా వెళ్ళారు. ఒంటిమీద దద్దుర్లకు వైద్యం చేయించుకుంటే జబ్బు ముదిరి, మే నెలలో కన్నుమూశారు. స్టెరాయిడ్ మోతాదు మించిందని ఆమె భర్త కుణాల్ సాహా కేసు వేశారు. 2006లో జాతీయ వినియోగదారుల కమిషన్ కొట్టేసింది. 2009లో సుప్రీంకోర్టు నిర్లక్ష్యమేనని తేల్చింది. 2013లో దాదాపు 6 కోట్ల రూపాయలు, పైన వడ్డీ ఇమ్మంది. పదిహేనేళ్ళు! ఆయన స్వయంగా డాక్టరు కాబట్టి నిలబడ్డారనుకుంటాను.

మనబోటివాళ్ళ మాటేమిటి? రోగి పోయినంత మాత్రాన కోర్టు డాక్టరును తప్పుపట్టదు. తగిన నైపుణ్యమున్న సాటి డాక్టరు చేసే పనే చేశాడా అని చూస్తుంది. మా కంప్యూటర్ వాళ్ళకు లాగ్ ఫైల్ ఎలాగో, అక్కడ కేస్ షీట్ అలాగ. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్ళే. అమ్మానాన్నల ఆసుపత్రి కాగితాలుంటే, తిరుగు విమానం ఎక్కేలోపే నకళ్ళు తీసుకోండి.